శ్రేయస్సు, ప్రేయస్సు, ఒక కుందేలు

కఠోపనిషత్తులో యమధర్మరాజు ఆత్మతత్త్వాన్ని ఉపదేశించడానికి పూర్వం నచికేతునకు శ్రేయఃప్రేయోభేదాన్ని బోధించాడు. ఇంద్రియాలకు తత్క్షణం ప్రియమైనది ప్రేయస్సు. పరిణామంలో హితమైనది శ్రేయస్సు. ఈ భేదాన్ని ముప్పది సంవత్సరాలు విద్యార్థులకు వివరించిన ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు కూచిపూడిలో నివసిస్తున్నారు. ఆయనకు అది అనుభవంలోకి వచ్చింది మాత్రం ఒక కుందేలు మూలంగా.

నాట్యం అభ్యసిస్తున్న మనుమరాలు ముచ్చటపడి ఆ తెల్లని కుందేలును ఇంటికి తెచ్చుకుంది. చంద్రుని శశాంకుడన్నారు కదా అని తాతగారు దానిని ‘శశి’ అని పిలిచేవారు. గిన్నె నిండా గుళికల దాణా, సాయంకాలం బిస్కట్లు, క్యారెట్టు దాని నిత్యాహారం. ఉదయం నైవేద్యం కాగానే అది పూజగది గుమ్మం వద్ద వెనుకకాళ్ళపై నిలబడేది. “చూశారా, ప్రసాదమంటే దీనికెంత భక్తో!” అంటూ గృహిణి అరటిపండు ముక్క, బెల్లం అందించేవారు.

రెండేళ్ళలో శశి స్థూలకాయం పొందింది. పెంటికలు చిన్నవయ్యాయి. గడ్డం క్రింద నిత్యం తడి కనిపించేది. ఒక సాయంకాలం అరటిపండును కూడా ముట్టలేదు. ఆ రాత్రే విజయవాడలోని పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళారు. ప్రేగుల కదలిక మందగించిందనీ, దవడపళ్ళు వాడిగా పెరిగి నాలుకను గాయపరిచాయనీ ఆయన చెప్పారు.

కుందేలు దంతాలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచుగల గడ్డిని గంటల తరబడి నమలడం వల్లనే అవి అరుగుతాయి. ఆ పీచే ప్రేగులను నడిపిస్తుంది. తీపి, పిండిపదార్థాలు అధికమైతే ఉదరంలోని సూక్ష్మజీవుల సమతుల్యత చెడుతుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు. లోనికి వెళ్ళినది ముందుకు సాగవలసిందే. అందువల్ల దాని ఆహారంలో అత్యధికభాగం గడ్డే కావాలి. పండు, క్యారెట్టు ఎప్పుడో ఒక చిన్న ముక్క చాలు.

చికిత్స ముగిసి శశి ఇల్లు చేరింది. పశ్చాత్తాపంతో ఉపాధ్యాయులు మరునాడే దాణా సర్వం తీసివేసి ఎండుగరిక మాత్రమే పెట్టారు. శశి వాసన చూసి ముఖం త్రిప్పుకుంది. ఆకలి వేస్తే అదే తింటుందనీ, ఒకపూట ఉపవాసం మంచిదేననీ ఏకాదశి వ్రతనిష్ఠుడైన ఆయన భావించారు. మధ్యాహ్నం ఫోనులో సంగతి విన్న వైద్యుడు ఆందోళన చెందారు. సగంరోజు తినకపోతే కుందేలు ప్రేగులు స్తంభించవచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. మనుష్యునికి తపస్సు అయిన ఉపవాసం దానికి ప్రాణాపాయం!

దాణా గిన్నె వెంటనే తిరిగి వచ్చింది. అప్పుడు మనుమరాలు అన్నది: “అడవు మొదట ప్రథమకాలంలోనే కదా నేర్పుతారు తాతయ్యా? మొదటిరోజే మూడోకాలంలో వేయమంటే ఎవరికి వస్తుంది?” అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదని భగవద్గీత ఆరవ అధ్యాయాన్ని ఎన్నోమార్లు బోధించిన తాతగారు మౌనం వహించారు.

ఆపై అంతా ప్రథమకాలమే. బిస్కట్లు, బెల్లం నిలిచిపోయాయి. అలవాటైన దాణా మాత్రం వారానికి కొంత చొప్పున తగ్గింది. ఎండుగరిక రాత్రింబవళ్ళు అందుబాటులో ఉండేది. దాని మధ్య రెండు కొత్తిమీర రెమ్మలు దాచితే శశి వెదుకుతూ గడ్డిని కూడా నమిలేది. కొత్త ఆకును ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా పరిచయం చేశారు. డెల్టాలో వరిగడ్డికి కొదవ లేదు కానీ దానిలో పోషకాలు స్వల్పం కనుక దానిపైనే ఆధారపడలేదు. పురుగుమందు పడే పొలంగట్ల గడ్డిని తేలేదు. ప్రతి ఉదయం పెంటికల పరిమాణం చూడటం తాతగారి నిత్యకృత్యమైంది.

అన్నిటికంటే కఠినమైన మార్పు గృహిణిది. నైవేద్యవేళ శశి యథాపూర్వం గుమ్మంలో నిలబడేది. “ఏమండీ, నోరులేని జీవి అడిగితే లేదనడం పాపం కాదా?” అని ఆమె కన్నీరు పెట్టుకున్నారు. ఉపాధ్యాయుల వద్ద అందుకు తగిన శ్లోకమేదీ లేకపోయింది. కొన్నాళ్ళు ఆమె శశి వైపు చూడకుండానే పూజ ముగించారు. తరువాత ఒకనాడు తానే అన్నారు: “అది తిన్నది క్షణమేనండీ. అది నా కోసం నిలబడుతుందన్న సంతోషం మాత్రం నాకు రోజంతా ఉండేది. ఆ అరటిపండు నేను నాకే పెట్టుకున్నాను.”

ప్రేయస్సు కేవలం గ్రహించేవానిలోనే కాదు, ఇచ్చేవానిలో కూడా దాగి ఉంటుంది. వాత్సల్యం అనే పేరుతో ఉన్నప్పుడు దానిని గుర్తించడం మరింత దుష్కరం. నాలుకకు తగిన పథ్యం ఎంత మెల్లగా అలవడుతుందో, మనస్సుకు తగిన వైరాగ్యం కూడా అంత మెల్లగానే అభ్యాసం వల్ల అలవడుతుంది.

శశి దంతాలను ఇప్పటికీ వైద్యుడు అప్పుడప్పుడు అరగదీయవలసిందే. గతించిన రెండేళ్ళ ఫలం అది. అయినా ఇప్పుడు గృహిణి ఉదయమే పెరటిలో గరిక కోసి, కడిగి, విఘ్నేశ్వరునికి సమర్పిస్తారు. పసుపు కుంకుమ తగలని నాలుగు పోచలు గుమ్మం వద్దకు తెస్తారు. శశి వెనుకకాళ్ళపై నిలబడి ఆ ప్రసాదాన్ని ఆమె చేతినుండే అందుకుంటుంది.

స్వస్తి.