పాత లెన్సు, పొందూరు నూలు

నా కెమెరాకున్న లెన్సు నాకంటే వయసులో పెద్దది. నికాన్ వారి 55 మి.మీ. మైక్రో నిక్కోర్, ఎఫ్ 3.5. 1961లో మొదలైన రకం. కొత్త మాక్రో లెన్సుల ధరలు చూశాక సెకండ్ హ్యాండ్‌లో ఇది కొన్నాను (ఇంటి ఖర్చులు రాసేది నేనే కదా!). అడాప్టరు వేస్తే మిర్రర్‌లెస్ కెమెరాకి చక్కగా కూర్చుంది.

లెన్సు ఒక్కటే అయితే వస్తువు సెన్సరు మీద సగం సైజులో పడుతుంది. వెనక దాని రింగు కూడా తగిలిస్తే అసలు సైజు. ఆటో ఫోకస్ లేదు. సీతాకోకచిలుకలు తీసేవాళ్లకి కష్టమేమో గానీ, నేను తీసేది చీర. అది కదలదు. ఊపిరి బిగబట్టి కెమెరానే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతాను. ఎఫ్ 8 పెట్టినా స్పష్టంగా వచ్చేది పలచటి పొరే.

అది అత్తమ్మ పొందూరు ఖద్దరు చీర. అంచు చివికిపోతోంది, ఉండగానే నేత దాచుకోవాలి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసి, ఆ సన్న నూలు ఆవిడే వడికారు. ఇప్పుడు కళ్లలో శుక్లాలు, సూది బెజ్జం కూడా ఆనదు.

ఫొటోని టీవీలో పెద్దది చేసి చూపించాను. దగ్గరికెళ్లి వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ తెగితే అతికినాను. సూడమ్మా, ముడి లేదు" అన్నారు.