ఆరు వోల్టుల అన్వేషణ

కర్మాగారం మూతపడినంత మాత్రాన అక్కడ తయారైన యంత్రం ఆయువు తీరిపోదు. అది ఎవరి ఇంటి వసారాలోనో బతికే ఉంటుంది. అయితే అప్పటి నుంచి దాని మనుగడ చిన్న చిన్న విడిభాగాల లభ్యత మీద ఆధారపడుతుంది.

అనంతపురంలో స్థిరపడిన ఒక విశ్రాంత ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి ఈ విషయం బ్యాటరీ రూపంలో అనుభవమైంది. ఆయనది 1979 నాటి యెజ్డీ మోటారు సైకిలు. మైసూరులోని ఐడియల్ జావా సంస్థ చెకొస్లొవేకియా పరిజ్ఞానంతో 1961లో జావా బండ్ల తయారీని ఆరంభించింది. 1973 నుంచి వాటికి యెజ్డీ అన్న పేరు వచ్చింది. 1993లో చెకొస్లొవేకియా రెండు దేశాలుగా విడిపోయింది. 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది. ఉపాధ్యాయుడు మాత్రం రిజిస్ట్రేషను ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకుంటూ బండిని నడుపుతూనే వచ్చారు. బస్సు లేని గ్రామాల పిల్లలను ఆ బండి మీదనే పదవ తరగతి పరీక్షలకు చేర్చారు. ఆ పిల్లలే ఇప్పుడు పెద్దవారై, పాత బడిలో ఒక సమావేశం ఏర్పాటు చేసి, ఆయనను బండి మీదనే రమ్మని కోరారు.

సరిగా ఆ తరుణంలో బ్యాటరీ చనిపోయింది. ఆ బండిలో బ్యాటరీ నుంచి కాయిలుకు విద్యుత్తు అందితేనే నిప్పురవ్వ పుడుతుంది. సీసపు బ్యాటరీలో ఒక్కొక్క అర సుమారు రెండు వోల్టులు ఇస్తుంది. ఈ బండికి మూడు అరలు, అంటే ఆరు వోల్టులు కావాలి. బజారులో ఉన్నవన్నీ పన్నెండు వోల్టులవే. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు మళ్ళీ మార్కెట్టులోకి వచ్చినా, ఆ కొత్త బండ్ల బ్యాటరీలూ పన్నెండు వోల్టులవే.

“సార్, పన్నెండుకు మార్చేద్దాం. అన్నీ దొరుకుతాయి” అన్నాడు మెకానిక్కు.

“మరి డైనమో?”

“తీసేయాల్సిందే సార్.”

ఆయన ఏమీ తేల్చకుండానే ఇల్లు చేరారు. మరునాడు బెంగళూరు జె.సి. రోడ్డులోని విడిభాగాల దుకాణాలన్నీ తిరిగారు. ఒకచోట ఆరు వోల్టుల బ్యాటరీ కనిపించింది గాని, ఏళ్ల తరబడి ఛార్జి లేక పడి ఉండటంతో దాని పలకల మీద తెల్లని సల్ఫేటు పేరుకుపోయింది. ఆయన వట్టి చేతులతో తిరిగి వచ్చారు.

ఆ వారంలోనే ఇంటి పక్క కిరాణా దుకాణంలో ఎలక్ట్రానిక్ తక్కెడ ఆగిపోయింది. దుకాణదారు దాని అడుగు భాగం విప్పి, ఒక చిన్న బ్యాటరీ తీసి, కొత్తది అమర్చాడు. దాని మీద “ఆరు వోల్టులు” అని ఉన్నది. ఆయన పప్పు పొట్లం మరచి, దాని వెల అడిగారు.

అది పాతదాని కంటే చిన్నది, సామర్థ్యమూ తక్కువే. మెకానిక్కు పెట్టెలోని ఖాళీని చెక్క ముక్కలతో పూరించాడు. మూసివున్న బ్యాటరీ అధిక ఛార్జిని ఓర్వలేదు కనుక, మీటరు పెట్టి రెగ్యులేటరును సరిచేశాడు. దీపాల భారం మోపవద్దనీ, పగటిపూటే నడపాలనీ హెచ్చరించాడు. డైనమో తన స్థానంలోనే ఉండిపోయింది.

పాత బ్యాటరీలోని సీసమూ ఆమ్లమూ విషపదార్థాలు. కనుక ఆయన దానిని చెత్తలో వేయక బ్యాటరీల దుకాణంలో అప్పగించారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన బ్యాటరీల సేకరణను ఉత్పత్తిదారుల బాధ్యతగా చేశాయి. పాతది చేరవలసిన చోటు ఆ విధంగా నిర్ణయమై ఉన్నది. కొత్తది దొరికే చోటును మాత్రం ఆయనే వెదుక్కోవలసి వచ్చింది.

ప్రదర్శనశాలలో నిలిపిన యంత్రానికి బ్యాటరీ అక్కరలేదు. నడిచే యంత్రాన్ని నిలబెట్టడానికి ఒక మెకానిక్కు ఓపిక, ఒక దుకాణదారు తక్కెడ అవసరమయ్యాయి. మన పారిశ్రామిక వారసత్వంలో అధిక భాగం ఇటువంటి పేరులేని చేతులలోనే భద్రంగా ఉన్నది.

సమావేశం నాడు ఉపాధ్యాయుడు బండి మీదనే బడికి వెళ్లారు. సభ ఇంకా సాగుతుండగానే నాలుగు గంటలకు లేచారు. శిష్యులు వారించబోతే, “దీపం వేయకుండా ఇల్లు చేరాలి నాయనా” అని కిక్కు కొట్టారు.