ఏతబార్‌కీ ఒక రసీదు

మనవాళ్లలో డబ్బు సంగతి సూటిగా అడగడం ఒక రకం బద్తమీజీ. రసీదు అడిగితే "నా మీద ఏతబార్ లేదా?" అని మొహం ముడుచుకుంటారు. కొనేవాడు మన గల్లీవాడే అయినన్నాళ్లు ఆ మురువ్వత్ చెల్లింది. సామాన్ సముద్రం దాటాల్సి వచ్చినప్పుడు చెల్లదు.

మా ఫుప్పా మర్హూం నిజాం జమానా సిక్కాలు, స్టాంపులు జమచేసేవారు. ఆయన పోయాక, ఫుప్పూ కంటి ఆపరేషన్ కోసం ఆ పెట్టె తెరవక తప్పలేదు. ఆన్‌లైన్‌లో పెడితే పరాయి దేశాల్లో మంచి ధర వస్తుందని మనవడు చెప్పాడు. ఏది ఏమిటో చూసే పని నాకప్పగించారు. సిక్కా మీది సన్ చదవగలిగేది ఇంట్లో నేనొక్కడినే.

ఆ చదవడమే మొదటి జాగ్రత్త. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని మనం దేశం దాటించకూడదు. చార్మినార్ రూపాయి మీద ఉండేది హిజ్రీ సన్. 1337 అంటే 1918-19. ఎంత ధర పలికినా అది ఇక్కడే ఉండాలి. 1931లో వచ్చిన చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్ బొమ్మల స్టాంపులకు ఇంకా వందేళ్లు నిండలేదు. సిక్కాలు పెట్టెలోనే ఉంచి, స్టాంపుల ఫోటోలు పెట్టాం.

మొదటి ఖరీదార్ తనది లండన్ అన్నాడు. 18 వేలు అడిగితే బేరమే ఆడలేదు. నాకు అక్కడే షక్ వచ్చింది. షౌఖ్ ఉన్నవాడు ముందు వెనక జిగురు ఉందా, అంచు పళ్లు విరిగాయా అని అడుగుతాడు. ఇతను 45 వేలకు చెక్ పంపుతానని, మిగిలే 27 వేలు తన 'షిప్పింగ్ ఏజెంటు'కు యూపీఐలో వేయమని అన్నాడు. విదేశీ చెక్ ఖాతాలో జమ అయినట్టు కనిపించినా, వారాల తర్వాత కూడా వాపస్ పోవచ్చు. అప్పటికి మనం వేసిన 27 వేలూ పోతాయి, స్టాంపులూ పోతాయి. వద్దన్నాం.

ఫుప్పూ బాధపడింది. "నిజంగా కొనేవాడేమో బేటా. బద్గుమానీ గునాహ్ కదా."

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ నమాజ్ గురించీ కాదు, రోజా గురించీ కాదు. లేన్‌దేన్ గురించి. సూరా బఖరా, 282. గడువు పెట్టిన అప్పును రాసుకోమంటుంది, గవాహ్‌లను పెట్టుకోమంటుంది. చేతికి చేయి జరిగే సౌదాను మాత్రం రాయకపోయినా తప్పు లేదంటుంది. ఫుప్పూకి అదే గుర్తుచేశాను. ఈ బేరం చేతికి చేయి బేరం కాదు. ఇక్కడ రాత బద్గుమానీ కాదు, ఇద్దరికీ తసల్లీ.

రెండో ఖరీదార్ జర్మనీ ఆయన. జిగురు గురించి అడిగాడు, బేరమాడాడు. బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపమన్నాం. ఇచ్చింది పేరు, ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడ్ మాత్రమే. మనకు డబ్బు రావడానికి పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పక్కర్లేదు, ఏ క్యూఆర్ కోడూ స్కాన్ చేయక్కర్లేదు. ఆయన పంపిన స్క్రీన్‌షాట్‌ని లెక్కలోకి తీసుకోలేదు. డబ్బు ఖాతాలో పడి, బ్యాంకు కాగితం ఇచ్చాకే పార్సిల్ కట్టాం.

పేపాల్‌లో తీసుకునేవాళ్లకు ఇంకో మాట. డబ్బు వచ్చాక కూడా కొన్నవాడు 180 రోజుల దాకా ఫిర్యాదు చేయొచ్చు. అందుకని సౌదాలో ఉన్న చిరునామాకే పంపాలి. 'మా చెల్లెలింటికి పంపండి' అంటే ఒప్పుకోకూడదు. ట్రాకింగ్ నంబరు, ప్యాకింగ్ ఫోటోలు దాచుకోవాలి. డబ్బు వచ్చిందని మెయిల్ వస్తే అందులోని లింకు నొక్కకుండా, సొంతంగా ఖాతా తెరిచి చూసుకోవాలి.

జర్మనీ ఆయన ఒక్కటి కోరాడు. కస్టమ్స్ కాగితం మీద గిఫ్ట్ అని రాసి, ధర తగ్గించమన్నాడు. ఈసారి ఫుప్పూయే వద్దంది. "అమ్మినదాన్ని తోఫా అని ఎలా రాస్తాం? ఝూట్ కదా." అసలు ధరే రాశాం. ఆయన కాదనలేదు.

ఆపరేషన్ అయింది, ఫుప్పూ కన్ను బాగుంది. ఇప్పుడు పాలవాడి ఖాతా కూడా నోటుబుక్కులో తనే రాసి, నెలాఖరుకు అతనితో సంతకం పెట్టించుకుంటోంది. అతనేం బురా మానలేదు. ఏ నెల లెక్క ఆ నెలే తేలిపోతోందని ఖుష్‌గా ఉన్నాడు.