కెమెరా పెట్టుకుని పక్కింటి కన్ను పోగొట్టుకున్నాను



ఎప్పుడూ దింపు గురించో, తెల్లదోమ గురించో రాసేవాణ్ణి. ఈసారి దొంగల గురించి రాస్తున్నాను. పండగ దగ్గర పడేసరికి ముగ్గురు ఫోన్ చేసి ఒకటే అడిగారు: "నీ ఇంటికి కెమెరాలు పెట్టించావు కదా, ఏ కంపెనీ? ఎంతయ్యింది?" అని. ఎంతయ్యిందో చెప్పడం తేలికే. నాలుగు కెమెరాలు, డీవీఆర్, డిస్కు, వైర్లు, కూలీ అన్నీ కలిపి ఇరవై ఆరు వేలు. కానీ నాకు అయిన అసలు ఖర్చు అది కాదండి. అదే చెబుదామని ఇదంతా రాయడం.

2023 కనుమ రోజు. మన కోనసీమలో కనుమ అంటే తెలుసుగా, జగ్గన్నతోట తీర్థం. ఏకాదశ రుద్రుల ప్రభలన్నీ ఒక్కచోట చేరతాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటుతుంటే చూడకపోతే మా ఇంట్లో పిల్లలకి పండగే కాదు. అందరం కలిసి వెళ్ళాం. వీధి గుమ్మానికి పెద్ద తాళంకప్ప వేశాను. దొడ్డి గుమ్మానికి లోపల గడియ వేశాను, అంతే. మాది పాత మండువా ఇల్లు. దొడ్డి తలుపు మా తాతగారి నాటిది, గడియ మేకులు ఎప్పుడో వదులైపోయాయి. రేపు బిగిద్దాం, ఎల్లుండి బిగిద్దాం అని ఏళ్ళు గడిపేశాను.

దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాం. దొడ్డి తలుపు తీసి ఉంది. బీరువాలోంచి మా అమ్మ మా ఆవిడకి పెట్టిన నానుతాడు, రెండు గాజులు పోయాయి. మా ఆవిడ బీరువా ముందు కూలబడింది. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, ఇల్లంతా తిరిగి, బీరువా తలుపులు పట్టుకుని, బట్టలన్నీ సర్ది, అప్పుడు పోలీసులకి చెప్పాను. వేలిముద్రలు తీయడానికి వచ్చినవాళ్ళకి నా ముద్రలే దొరికాయి. మీకెవరికైనా ఇలా జరిగితే లోపలికి వెళ్ళకండి, దేన్నీ ముట్టుకోకండి. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు కూడా. బయటే నిలబడి 112 కి ఫోన్ చేయండి.

నెల తిరక్కుండా అమలాపురం నుంచి కెమెరాల కుర్రాణ్ణి పిలిపించాను. కసి మీద ఉన్నానేమో, నాలుగు మూలలా నాలుగు పెట్టించాను. వీధిలో చీమ నడిచినా ఫోన్‌లో కనపడాలన్నాను. కుర్రాడు అలాగే పెట్టాడు. దొడ్డివైపు కెమెరా ఎటు చూస్తోందో నేను పట్టించుకోలేదు.

అది పక్కింటి పిన్ని వాళ్ళ నూతి పళ్ళెం వైపు చూస్తోందండి. వాళ్ళ ఆడవాళ్ళు నీళ్ళు పోసుకునేది, బట్టలు ఉతుక్కునేది అక్కడే. పది రోజుల తర్వాత వాళ్ళ కోడలు చూసింది. బాబాయ్ వచ్చి, "ఏరా, మా ఇల్లు కూడా నువ్వే కాపలా కాస్తున్నావా?" అన్నాడు. నేను తగ్గాల్సింది. "మీ ఇల్లు చూసే తీరిక నాకెక్కడిది బాబాయ్" అని ఎగతాళిగా అన్నాను. కెమెరా మాత్రం తిప్పలేదు. వాళ్ళు మధ్యలో తాటాకు దడి కట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ నుంచి దొడ్డి అరుగు మీద కూర్చుని మా ఇంటికి వచ్చేపోయేవాళ్ళని కనిపెట్టే పిన్ని, అటు కూర్చోవడం మానేసింది.

ఆ దసరాలకి రెండు రోజులు రాజమండ్రి అమ్మాయి ఇంటికి వెళ్ళాం. దింపు తీయించిన కాయ పన్నెండు వందలు పెరట్లో రాశి పోసి ఉంది, బేరం కుదరక ఆపాను. కెమెరాలున్నాయి కదా అని ధీమా. ఆ రాత్రి ఈదురుగాలి, వాన, కరెంటు పోయింది. డీవీఆర్‌కి పెట్టిన బ్యాటరీ రెండు గంటలు లాగి ఆగిపోయింది. ఫోన్ తీసి చూస్తే నాలుగు గళ్ళూ నలుపే. తెల్లారి వచ్చి చూస్తే సగం రాశి లేదు.

పిన్ని దడి అవతల నిలబడి ఉంది. అడిగాను. నెమ్మదిగా చెప్పింది: "రాత్రి బండి చప్పుడైంది నాన్నా. ఇద్దరు మనుషులు ఎత్తుతున్నారు. అరుద్దామనుకున్నాను. నీకు కెమెరా ఉందిగా, నువ్వే చూసుకుంటావులే అని లోపలికి పోయాను."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదండి. కాయ పోయిందన్న బాధ కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. అదే పూట నిచ్చెన వేసి నేనే కెమెరా మా దొడ్డి గుమ్మం మీదికి తిప్పాను. బాబాయిని పిలిచి నా ఫోన్‌లో ఏం కనిపిస్తుందో ఆయన కళ్ళతో చూపించాను. తప్పైపోయిందన్నాను. దడి తీయడానికి ఇంకో ఆర్నెల్లు పట్టింది.

ఇప్పుడు మీరడిగిన సలహా చెబుతాను, వినండి.

ముందు తలుపులు. కెమెరా దొంగని చూస్తుందే గానీ పట్టుకోదు. దొడ్డి తలుపుకి మంచి గడియ, కిటికీలకి చువ్వలు, పెరట్లో రాత్రంతా వెలిగే ఒక దీపం. వీటికి ఖర్చు పెట్టాకే మిగతావి ఆలోచించండి. మండువా ఇళ్ళవాళ్ళు మండువా మీద ఇనుప జాలీ వేయించుకోండి, పెంకుల మీద నుంచి దిగే దారి అదే.

రెండోది అలారం. తలుపుకి పెట్టే అయస్కాంతం సెన్సార్ చవక, నమ్మకం. తలుపు తెరిస్తే సైరన్ మోగుతుంది. సిమ్ వేసే రకమైతే మీ ఫోన్‌కి కాల్ కూడా వస్తుంది. మనిషి కదలికని పట్టే సెన్సార్ మాత్రం పిల్లికి కూడా మోగుతుంది. మా ఇంట్లో వారంలో నాలుగు రాత్రులు మోగింది, ఐదో రోజు నేనే పీకేశాను. పిల్లులు తిరిగే ఇంట్లో అది గదిలో పెట్టండి, మండువాలో వద్దు.

మూడోది కెమెరా. మొదటిది దొడ్డి గుమ్మానికి, రెండోది వీధి గుమ్మానికి. ఎనిమిది, పది అడుగుల ఎత్తు చాలు, ఇంకా పైన పెడితే తలపాగా కనిపిస్తుంది గానీ మొహం కనపడదు. కొబ్బరిచెట్టు కింద పెట్టొద్దు, కాయో మట్టో పడితే కెమెరా ముక్కలే. మట్ట ఊగినప్పుడల్లా ఫోన్ మోగి విసుగొచ్చి మీరే శబ్దం ఆపేస్తారు. రాత్రి వెలుతురుకి పురుగులు, వాటికోసం సాలీళ్ళు వచ్చి గూడు కడతాయి. వారానికోసారి చీపురుతో దులపండి.

డీవీఆర్ టీవీ పక్కన పెట్టొద్దు, దొంగ దాన్ని కూడా ఎత్తుకుపోతాడు. కనపడని చోట పెట్టి, ఇన్వర్టర్ లైనుకి కలపండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసేయండి. నాలుగు కెమెరాలకి 1 టీబీ డిస్కు అయితే రెండు వారాలు అటూ ఇటూగా నిలవ ఉంటుంది, ఆ తర్వాత పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. ఏదైనా జరిగితే ఆలస్యం చేయకండి. టీవీలో బొమ్మని సెల్‌తో తీసి గ్రూపుల్లో తిప్పడం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డింగు కోర్టుకెక్కాలంటే ధ్రువపత్రం జత చేయాలి. అందుకే డీవీఆర్ కదపకుండా పోలీసులకి చూపించండి.

కుర్రాడు పెట్టిన పాస్‌వర్డ్ ఆ పూటే మార్చండి. లేకపోతే మీ ఇల్లు ఇంకెవరి ఫోన్‌లోనో కనపడొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం సీసీ కెమెరాలకి భద్రతా పరీక్ష తప్పనిసరి చేసింది. కొనేటప్పుడు ఎస్‌టీక్యూసీ ధ్రువీకరణ ఉందా అని అడగండి. పడక గదుల్లో మాత్రం పెట్టొద్దు. పిల్లలు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి అమ్మానాన్నల కోసం పెట్టిస్తుంటే, ముందు ఆ పెద్దవాళ్ళని అడిగి పెట్టించండి.

ఊరెళ్ళేటప్పుడు మన ఆంధ్ర పోలీసులది ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక ఏర్పాటు ఉంది. తాళం వేసిన ఇంట్లో వాళ్ళే ఉచితంగా కెమెరా పెట్టి కనిపెడతారు. మీ స్టేషన్‌లో ఇస్తున్నారా అని నాలుగు రోజుల ముందే వెళ్ళి అడగండి.

చివరిది, పైసా ఖర్చు లేనిది. వెళ్ళేముందు పక్కింటికి వెళ్ళి, "పిన్నీ, రెండ్రోజులు ఊళ్ళో ఉండం, కాస్త చూస్తుండండి. ఎవరైనా కనపడితే అరవండి, ఏ రాత్రైనా ఫోన్ చేయండి" అని నోటితో చెప్పండి. కెమెరా ఉన్నా సరే చెప్పండి. కెమెరా ఉంటే మరీ చెప్పండి.

ఈ కనుమకి మేం మళ్ళీ జగ్గన్నతోట వెళ్తున్నాం. దొడ్డి గడియ బిగించాను. పిన్నికి నిన్ననే చెప్పాను. "వెళ్ళిరా నాన్నా, అరుగు మీదే ఉంటాలే" అంది.

ఉంటానండి.