సాల్వడార్‌లో వడలు, నాంపల్లిలో కాజూ

ఆదివారం అబిడ్స్‌లో మా షోరూమ్ షట్టర్ దించి ఉంటుంది. వారమంతా కస్టమర్లు బండ్లు పెట్టుకునే ఆ చోటే, ఆ ఒక్క రోజు పాత పుస్తకాలు పరుస్తారు. పోయిన నవంబరులో అక్కడ ఒక గైడ్ పుస్తకం కొన్నాను. వంద చెప్పాడు, యాభైకి ఇచ్చాడు. బ్రెజిల్‌లో సాల్వడార్ అనే ఊరి గురించిన పుస్తకం అది.

నాకు పాస్‌పోర్టే లేదు. అట్ట మీద సముద్రం ఉంది, అందుకని కొన్నా. మాది పలాస దగ్గర పల్లె. సముద్రం బొమ్మ కనిపిస్తే నా చెయ్యి ఆగదు.

హాస్టల్‌కొచ్చి తిరగేస్తే, పేజీల అంచుల్లో పెన్సిల్ రాతలు. ఎవరో ఈ పుస్తకం పట్టుకుని నిజంగానే ఆ ఊరు వెళ్లొచ్చారు.

సాల్వడార్ 1549లో పోర్చుగీసువాళ్లు కట్టిన ఊరు. 1763 దాకా రాజధాని. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన లక్షల మందిని దింపిన రేవుల్లో అదొకటి. పాత ఊళ్లో పెలోరిన్యో అనే పేట ఉంది. ఆ మాటకి అర్థం, మనుషుల్ని కట్టేసి కొరడాతో కొట్టే స్తంభం. అలాంటి చోట ఇప్పుడు రంగురంగుల ఇళ్లు, రాత్రయితే డప్పులు, చిందులు. 1996లో మైకేల్ జాక్సన్ ఒలోడమ్ అనే డప్పుల బృందంతో కలిసి ఓ పాట అక్కడే తీశాడు. యూట్యూబ్‌లో చూశాను.

చూస్తుంటే, ఇలాంటి దరువు ఎక్కడో విన్నానే అనిపించింది. మా హాస్టల్ కిటికీ కింద పెళ్లి బరాత్ వెళ్లేటప్పుడు వాయించే మార్ఫా! అదీ ఆఫ్రికా మూలాలున్న సిద్దీలదే. నాంపల్లికి దగ్గర్లో ఉన్న ఏసీ గార్డ్స్ ఉంది కదా, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం సైన్యంలోని ఆఫ్రికా గుర్రపు దళం పేరది. ఎక్కడి సాల్వడార్, ఎక్కడి నాంపల్లి!

ఇంకో పేజీలో ఒక వంట. పేరు అకరజే. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, పామాయిల్‌లో వేయించి, మధ్యలో చీల్చి రొయ్యలు కూరతారు. తెల్ల బట్టలు కట్టుకుని, తలపాగా చుట్టుకుని ఆడవాళ్లు వీధుల్లో అమ్ముతారు. రొయ్యలు పక్కన పెడితే అది మా అమ్మ చేసే అలసంద వడే!

ఆ తర్వాత జాగ్రత్తల పేజీ. రాత్రి ఈ సందులోకి వెళ్లొద్దు. వాచీ పెట్టుకోవద్దు. ఒంటరి ఆడవాళ్లు ఇలా ఉండాలి, అలా ఉండకూడదు. పేజీ నిండా భయమే. దాని పక్కనే పెన్సిల్ రాత ఇంగ్లిష్‌లో ఉంది. నా మాటల్లో చెప్తాను: ఇవన్నీ నిజమే. కానీ నేను దారి తప్పినప్పుడు, వడలమ్మే ఆవిడ పొయ్యి పక్కవాళ్లకి అప్పజెప్పి బస్టాప్ దాకా నాతో నడిచింది.

ఆ ఒక్క రాత దగ్గర ఆగిపోయాను.

ఎందుకంటే నాకూ అలాంటావిడ ఉంది. మూడేళ్ల కిందట, మొదటిసారి నాంపల్లి స్టేషన్‌లో దిగిన రాత్రి నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. హాస్టల్ అడ్రస్ అందులోనే ఉంది. యూసుఫైన్ దర్గా దారిలో గులాబీలమ్మే ఒకావిడని అడిగాను. నా తెలుగు ఆవిడకి రాదు, ఆవిడ ఉర్దూ నాకు రాదు. మనవణ్ణి పూల దగ్గర కూర్చోబెట్టి, నా బ్యాగు ఒక చెవి తను పట్టుకుని, నలుగుర్ని అడుగుతూ హాస్టల్ గుమ్మం దాకా వచ్చింది.

ఈ సంగతి నేను అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.

ఏం చెప్పానంటే, బస్సులో ఫోన్ కొట్టేశారని చెప్పాను. రాత్రిళ్లు బయటికి పోలేమని చెప్పాను. అమ్మ వస్తానన్న ప్రతిసారీ "ఈ ఊరు నీకు పడదమ్మా" అన్నాను. అసలు కారణం వేరు. నేను ఆఫీసులో పని చేస్తున్నానని అమ్మకి చెప్పాను. నిజానికి బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ కౌంటర్ నాది. రోజుకి పది గంటలు నిలబడే పని. అమ్మ వస్తే ఆ అబద్ధం బయటపడుతుంది. అందుకే ఊరినే చెడ్డదాన్ని చేశాను.

జనవరిలో ధైర్యం చేసి రమ్మన్నాను. నుమాయిష్ చూపిస్తానని వంక.

నాంపల్లి స్టేషన్‌లో పట్టాలు ముందుకు పోవు. అక్కడితో ఆఖరు. అమ్మ దిగగానే అదే చూసింది. "పట్టాలు ఇక్కడితో అయిపోనాయేటే?" అంది. అయిపోయాయి అన్నాను. "అయితే ఇంకెక్కడికీ తప్పిపోం" అని నవ్వింది.

నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైందట. 1946 నుంచి నాంపల్లి మైదానంలో. జనవరి 1 నుంచి 46 రోజులు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నా, తప్పిపోతుందని. డ్రై ఫ్రూట్స్ స్టాల్ దగ్గర ఒక కుర్రాడు "కాజూ, బాదం!" అని అరుస్తున్నాడు. అమ్మ నా చెయ్యి విడిపించుకుని నేరుగా అటు నడిచింది.

ఒక గుండు తీసి వేళ్ల మధ్య తిప్పింది. "ఇది 210" అంది. ఇంకో డబ్బాలోంచి తీసి, "ఇది 320" అంది. కుర్రాడు నోరు తెరిచాడు. ఒక పౌను బరువుకి ఎన్ని గుండ్లు తూగుతాయో అదే ఆ నంబరు. నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది. మా అమ్మ ఇరవై ఏళ్లుగా జీడిపప్పు కార్ఖానాలో పని చేస్తోంది. జీడి చమురుకి నల్లబడ్డ ఆ వేళ్లని స్కూల్లో మీటింగ్‌కి వచ్చినప్పుడు నేను కొంగు కింద దాచుకోమనేదాన్ని. ఆ కుర్రాడు మాత్రం చెయ్యి జోడించి గుప్పెడు పప్పు పొట్లం కట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

తర్వాత తెలిసింది. జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిలే. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. కాజూ అన్న మాట కూడా అక్కడి తుపీ భాషలోంచి పోర్చుగీసులోకి, అక్కడినుంచి మన బజార్లలోకి వచ్చింది. నేను యాభై రూపాయలు పెట్టి కొన్న ఆ సముద్రతీరం, మా ఇంటి అన్నంలో ముందే ఉంది.

మర్నాడు ఆదివారం. అమ్మని అబిడ్స్ తీసుకెళ్లాను. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన దుకాణం వల్ల ఆ పేరొచ్చిందని కాసేపు గైడ్‌లా చెప్పాను. తర్వాత పుస్తకాల మధ్యలోంచి మా షట్టర్ ముందు నిలబడి, "నేను పని చేసేది ఇక్కడే. ఆఫీసు కాదు" అన్నాను.

అమ్మ షట్టర్ వైపు చూసింది. నా కాళ్ల వైపు చూసింది.

"నిలబడే సెయ్యాలా?"

"ఊఁ."

"నాకు కూకొని నడుం పోయింది. నీకు నిలబడి కాళ్లు పోతన్నాయి. ముందే సెప్తే మెత్తటి సెప్పులు కొనుక్కోమందును కదే" అంది. అంతే. మూడేళ్ల అబద్ధానికి అమ్మ వేసిన శిక్ష అది. ఆ రోజే చెప్పులు కొనిపించింది.

రైలెక్కే ముందు గులాబీలావిడ కోసం వెతికాం. కనిపించలేదు. అమ్మ మాత్రం ఆ దారిలో ఎవరి దగ్గరో రెండు మూరలు కొనుక్కుంది.

మీరూ ఏదో ఒక ఊరికి చదువుకో పనికో వచ్చి, ఇంటికి రోజూ ఫోన్ చేస్తూనే ఉంటారు కదా. ఫోన్ పోయిన సంగతి చెప్పండి, తప్పు లేదు. దారి చూపించిన మనిషి గురించి కూడా చెప్పండి.

గైడ్ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అకరజే పేజీలో నేనూ పెన్సిల్‌తో ఒక ముక్క రాశాను: మా అమ్మ ఇంతకన్నా బాగా చేస్తుంది.