ఇల్లు మార్చే పీత

మా ఇల్లు హైదరాబాదులోని బషీర్‌బాగ్‌లో. 1887 నుంచి 1894 దాకా నిజాం ప్రధానమంత్రిగా ఉండిన సర్ ఆస్మాన్ జా మేడ ఇక్కడే ఉండేది. ఆ మేడ పోయింది, పేరు మిగిలింది.

ఒక సాయంత్రం నాంపల్లి స్టేషనులో గోదావరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, మరునాడు ఉదయం విశాఖపట్నంలో దిగాను. బయలుదేరేటప్పుడు పక్కింటి పాప, "మామయ్యా, నాకొక మంచి గుల్ల తేవాలి!" అన్నది.

నీళ్లు వెనక్కు తీసిన వేళ రాళ్ల మధ్య వెతికాను. చక్కని నత్తగుల్ల దొరికింది. అరచేతిలో పెట్టుకోగానే అది నడిచింది! లోపల ఉన్నది సన్యాసి పీత.

దీని వెనుక భాగం మెత్తగా, మెలిక తిరిగి ఉంటుంది. అందుకే చచ్చిన నత్తల గుల్లలలో కాపురం పెడుతుంది. శత్రువు వస్తే లోపలికి ముడుచుకుని, డెక్కతో వాకిలి మూస్తుంది. ఒళ్లు పెరిగి గుల్ల ఇరుకైతే, పెద్దదాన్ని వెతికి, డెక్కలతో తడిమి చూచి, చటుక్కున అందులోకి మారుతుంది. గుల్లకోసం తోటి పీతతో పోట్లాడటమూ ఉన్నది!

సముద్రం అడుగున కొన్ని జాతులు గుల్లమీద సముద్రపుష్పాన్ని మోస్తాయి. అది పువ్వు కాదు, కుట్టే జంతువు. అది పీతకు కాపలా. పీత తినగా మిగిలినది దానికి తిండి. ఇల్లు మారేటప్పుడు పీత దానినీ వెంట తీసుకుపోతుంది.

నేను పీతను నీటిలో వదిలాను. పక్కనే ఖాళీ గుల్ల ఒకటి మెరుస్తున్నది. తీయబోయి ఆగాను. అది ఏ పీతకు రేపటి ఇల్లో!

పాపకు ఈ సంగతే చెప్పాను. మొదట మూతి ముడుచుకున్నది. అంతా విన్నాక, "ఆ పీత ఇప్పుడు కొత్త ఇంట్లోకి మారి ఉంటుందా, మామయ్యా?" అన్నది.