సెంటోసాలో ఒక్కడు

ఒంటరిగా ఊళ్ళు తిరిగేవాణ్ణి చూస్తే మనవాళ్ళకి జాలైనా కలుగుతుంది, అనుమానమైనా వస్తుంది. ఆఫీసు పనిమీద సింగపూరు వెళ్ళినప్పుడు, ఆదివారం సెంటోసా దీవి చూసొస్తానంటే, అక్కడి మిత్రుడు నవ్వాడు. "అది పిల్లాపాపలతో వెళ్ళే చోటు గురూ! ఒక్కడివీ ఏం చేస్తావు?"

సుమారు 5 చదరపు కిలోమీటర్ల దీవి అది. 2011లో తెరిచిన కాలిబాట వంతెన మీద నడిచిపోయాను. సిలోసో, పలవాన్, తంజోంగ్ అని మూడు బీచులు. ఇసుక కూడా తెచ్చిపోసిందే! పిల్లలు గూళ్ళు కడుతున్నారు, తండ్రులు బకెట్లతో నీళ్ళు మోస్తున్నారు. నా చేతులు ఖాళీగా కనిపించాయేమో, ప్రతి కుటుంబమూ కెమెరా నాకే అందించింది. ఆ పూట నేను పలవాన్ బీచికి ఆస్థాన ఫోటోగ్రాఫర్ని.

అందులో ఒక తెలుగు కుటుంబం కూడా ఉంది.

"ఒక్కడివే వచ్చావా నాయనా? ఇంట్లోవాళ్ళు రాలేదూ?" అంది పెద్దావిడ.

"నాకింకా పెళ్ళి కాలేదు మామ్మగారూ!"

"అయితే మరీ ఘోరం!" అంటూ డబ్బా మూతలో ఇంత పులిహోర పెట్టి ఇచ్చింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పులిహోర అమోఘం.

మధ్యాహ్నం ఎండకి తాళలేక సిలోసో కోటకేసి వెళ్ళాను. బ్రిటిషువాళ్ళు 19వ శతాబ్దంలో కట్టింది. పాత ఫిరంగులు, చెట్లనీడ, జనం తక్కువ. ఈ దీవి పాతపేరు బ్లకాంగ్ మతి. మలయ్ భాషలో 'చావు వెనక' అన్నట్టు అర్థం వస్తుంది. 1942లో జపాను సైన్యం చంపిన చైనా జాతి పౌరుల శవాలు ఈ ఒడ్డుకే కొట్టుకొచ్చాయి. 1970 దశకంలో విహారస్థలంగా మార్చాలనుకుని, 'ప్రశాంతి' అనే అర్థంలో సెంటోసా అని పేరు పెట్టారు.

ఎప్పుడో చదివిన ఒక సంగతి అక్కడ గుర్తొచ్చింది. చియా తై పో అని ఒకాయన. నాన్యాంగ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు చెప్పేవాడు, ప్రతిపక్ష పార్లమెంటు సభ్యుడు. 1966లో అరెస్టు చేశారు. విచారణ లేదు. కాగితంమీద సంతకం పెడితే వదులుతామన్నారు. పెడితే చెయ్యనిదాన్ని ఒప్పుకున్నట్టవుతుందని ఆయన పెట్టలేదు. 22 ఏళ్ళు దాటాక, 1989లో జైలునుంచి తెచ్చి ఈ దీవిలోనే ఒక్క గది ఇంట్లో ఉండమన్నారు. పగలంతా టూరిస్టుల కేరింతలు. పొద్దుగుంకితే కుటుంబాలన్నీ ఇళ్ళకి తిరిగిపోయేవి. ఆయన ఉండిపోయేవాడు. 1992లో గానీ అవతలి ఒడ్డున కాపురముండనివ్వలేదు. ఆంక్షలన్నీ తొలగేసరికి 1998 వచ్చింది.

పొద్దుటినుంచీ నామీద అందరూ కురిపించిన జాలి తల్చుకుంటే సిగ్గేసింది. ఒంటరిగా వెళ్ళడం వేరు, ఒంటరిగా ఉంచబడడం వేరు. నేను వచ్చిన వంతెన మీదుగా ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోగలను. నన్ను అడిగేవాడు లేడు.

కాలేజీ విడిచి వెళుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక్కసారైనా ఒంటరిగా ఏదో ఒక ఊరు చూసి రండి. ఎవరైనా పులిహోర పెడితే మొహమాటపడకండి. అయితే ఆ ఊళ్ళో ఇంతకు ముందు ఒంటరిగా ఎవరున్నారో, ఎందుకున్నారో కూడా కాస్త కనుక్కోండి. గైడు ఆ సంగతి చెప్పకపోవచ్చు.